మూడు ప్రసిద్ధవాక్యముల పుట్టుపూర్వోత్తరములు

తెలుగుభాషను గూర్చి సభ జరిగినపుడెల్ల మూడు వాక్యములు తప్పక వినబడును. మొదటిది, దేశభాషలన్నిటిలో తెలుగే మేలైనదని శ్రీకృష్ణదేవరాయలు సెలవిచ్చెననునది. రెండవది, విజయనగరమునకు వచ్చిన ఇటలీ యాత్రికుడొకడు తెలుగు విని, ఇది తూర్పుదేశముల ఇటాలియనుభాష యని మెచ్చెననునది. మూడవది మెప్పు కాదు, కుట్ర. భారతీయుల ప్రాచీనవిద్యను నిర్మూలించిననే గాని వారిని లోబరచుకొనజాలమని మెకాలే 1835 వ సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటునందు ఉపన్యసించెనట. మొదటి రెండును వినినపుడు సభ్యులు కరతాళధ్వనులు సేయుదురు. మూడవది వినినపుడు నిట్టూర్పులు విడుతురు. పాఠశాలల గోడలమీదను, వాచకములలోను, వ్యాసరచనపు పోటీలకు బాలురు వ్రాయు కాగితములలోను ఈ మూడును కలసి కాపురము చేయుచున్నవి.

మేము సంస్కృతమును, ఆంగ్లమును అభ్యసించి తెలుగు బాలురకు పాఠములు చెప్పి బ్రదుకువారము. కావున ఈ వాక్యములతో మాకు నిత్యసహవాసము. ఎవరు పలికిరి, ఎప్పుడు పలికిరి, ఎవరితో పలికిరి, ఏ గ్రంథమున నున్నది అను నాలుగు ప్రశ్నలు వేసి చూచినచో, వీనిలో మొదటిదానిని కావ్యమున పలికినవాడు రాజు కాడు. రెండవది ఆ యాత్రికుని వృత్తాంతమున లేదు. మూడవదానిని మెకాలే పలుకనేలేదు. ఇట్లనుట భాషాద్రోహమని తలచు మిత్రులు కొందరు గలరు. వారికి మేము చెప్పునది యొక్కటే. ఇతరుల దస్తావేజు చూపి తన పొలము నిలుపుకొనజూచువాడు వ్యాజ్యెమున ఓడును. ఆ పొలము నిజముగా తనదే యైనను ఓడును.

ఒకరి మాట మరియొకరి నోట బెట్టుట మనకు క్రొత్త గాదు. దానికి కారణము మన తర్కశాస్త్రమునందే కానవచ్చుచున్నది. నైయాయికులు ప్రత్యక్షానుమానోపమానములతోపాటు శబ్దమును గూడ ప్రమాణముగా గ్రహించిరి. ఐతే ప్రతి శబ్దమును ప్రమాణము గాదు. ఆప్తుడు, అనగా విషయము నెరిగి యథార్థము పలుకువాడు, చెప్పినదే ప్రమాణము. ఇది మంచి నియమము. కాని లోకము దీనిని తలక్రిందు చేసినది. మాట నిలువవలెనన్న గొప్పవాడు చెప్పియుండవలెను గదా; కాబట్టి నిలుపదలచిన మాట కెల్ల ఒక గొప్పవానిని వెదకి తెచ్చుట ఆచారమైనది. పదునారవ శతాబ్దియందు బల్లాలుడు రచించిన భోజప్రబంధమును చూడుడు. భోజుడు ధారానగరమును పదునొకండవ శతాబ్దియందేలిన రాజు. కాళిదాసు పేరు 634 వ సంవత్సరపు ఐహొళె శాసనముననే యున్నది. బాణుడు హర్షుని ఆస్థానకవి. ఐనను బల్లాలుని గ్రంథమున కాళిదాసు, బాణుడు, భవభూతి, మాఘుడు అందరును భోజుని కొలువులో ఒక్కచో కూర్చుండి పందెములు వేసికొని శ్లోకములు చెప్పుదురు. ఆ కథలు చదువ నింపుగా నుండును. వానిని చరిత్ర యనుకొనినవారి వలననే చిక్కు. మన చాటుపద్యముల సంగతియు నింతే. రసికత యున్న పద్యమునకు శ్రీనాథుడు, వెక్కిరింత యున్నదానికి తెనాలి రామకృష్ణుడు, నీతి యున్నదానికి వేమన. ఇట్లు పద్యము గుణమునుబట్టి కర్తను నిర్ణయించినారు.

ఒక విషయమున మాత్రము పూర్వుల పద్ధతి మన పద్ధతికంటె నిజాయితీ గలది. సంస్కృతమున 'ఇతి', తెలుగున 'అని' యను చిన్నమాట యున్నది. పరుల మాట ముగియు చోట దానిని నిలిపి, ఇంతవరకు నాది గాదని చెప్పుదుము. పలికినవాని పేరు తెలిసిన చెప్పుదుము. తెలియనిచో 'అని పెద్దలందురు' అని తప్పుకొందుము. సామెతలు వేలకొలది ఆ పెద్దల పేరనే నడచినవి. అచ్చుపుస్తకము వచ్చినతరువాత 'పెద్దలు' చాలలేదు. వాక్యమునకు క్రింద కుడిచేతివైపున ఒక గీత, ఆ గీతపై ఒక పేరు కావలసివచ్చినది. పేరు లేని వాక్యము అనాథ బాలునివలె కనబడసాగినది. దానికి తండ్రిని చూపుటకై ఎవరో యొకరి పేరు వ్రాసిరి.

ఇక మొదటి వాక్యమునకు వత్తము. ఇది ఆముక్తమాల్యద అవతారికయందున్నది. అందు సందేహము లేదు. కాని అక్కడ దానిని పలికినవాడెవడు? కళింగదండయాత్ర సందర్భమున రాయలు విజయవాటికి వచ్చి, అక్కడనుండి కృష్ణాతీరమునందలి శ్రీకాకుళమునకు పోయెను. ఇది ఉత్తరాంధ్రమునందలి శ్రీకాకుళము గాదు. ఆంధ్రమహావిష్ణువు ఆలయమున్న యూరు. అచ్చట ఏకాదశినాడు ఉపవసించి నిదురింపగా, తెల్లవారుజామున స్వామి కలలో కనబడెను. నీవు సంస్కృతమున మదాలసచరితము మొదలగు గ్రంథములు రచించితివి, తెలుగున కావ్యము రచించుట నీకు అసాధ్యమా యని యడిగి, శ్రీరంగమున జరిగిన తన వివాహకథను తెలుగున చెప్పుమని యానతిచ్చెను. తెలుగుననే యేల యందువేని, అని తానే ప్రశ్న వేసికొని, ఈ దేశము తెలుగుదేశము, నేను తెలుగు దొరను అని సమాధానము చెప్పి, ఆ వెంటనే ఈ ప్రసిద్ధవాక్యమును పలికెను. అందుచేత కావ్యమున వక్త ఆంధ్రవిష్ణువు, రాయలు శ్రోత. అంతేకాదు, స్వామి ఆ సందర్భముననే రాయలను కన్నడరాయా యని సంబోధించుచున్నాడు.

కావ్యము రచించినది రాయలే గదా, స్వామి నోట పలికించినను మాట రాయలదే గదా యని యొకరనవచ్చును. ఆముక్తమాల్యదను పెద్దన రచించి రాజు పేర బెట్టెనను వాదమొకటి పూర్వము గట్టిగా సాగినది గాని, దాని జోలికి మేము పోము. రాయల రచనయే యనుకొందము. ఐనను తేడా యున్నది. రాజు ఆజ్ఞగా చెప్పిన మాట వేరు, రాజు వినినట్లు చెప్పిన మాట వేరు. అక్కడ స్వామి చూపు హేతువు గమనింపదగినది. నిన్ను కొలుచు రాజులందరితోను నీవు మాటలాడినవాడవే, నీకే తెలియదా యని యడుగుచున్నాడు. కన్నడము, తమిళము, తెలుగు మాటలాడు సామంతులు నిండిన కొలువది. రాయల శాసనములు ఈ మూడు భాషలలోను, సంస్కృతమునందును గలవు. అన్ని భాషలును చెవినిబడిన రాజును నీ అనుభవమునే యడిగి చూచుకొమ్మని దేవుడనుచున్నాడు. గోడమీద వాక్యమును మాత్రమే వ్రాసి, క్రింద రాజు పేరు వ్రాసినపుడు ఈ ప్రశ్న పోయినది, ఈ సంభాషణ పోయినది. మిగిలినది ఒక తీర్పు మాత్రము. మరియొక వినోదమున్నది. తన భాషను తాను పొగడుకొనుట ఆత్మస్తుతి యగునని కాబోలు, రాయలు ఆ మాటను తనకంటె పెద్ద నోటికి, దేవుని నోటికి అప్పగించెను. మనము దానిని దేవుని నోటినుండి దింపి మరల రాజు నోట బెట్టితిమి.

ఇంతటితో కథ ముగియలేదు. ఈ వాక్యమే, ఒక్క అక్షరము మారకుండ, క్రీడాభిరామమునందున్నది. ఓరుగల్లు వీథులలో మంచనశర్మయు టిట్టిభసెట్టియు విహరించు ఆ వీథినాటకము, రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు తెలుగుసేత. మూలము నేడు దొరకదు. తెలుగుసేతకు కర్త వినుకొండ వల్లభరాయడని గ్రంథమున నున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు అది శ్రీనాథుని రచన యని వాదించిరి. ఎవరిదైనను, రాయలకంటె నించుమించు నూరేండ్లు ముందరిది. ఇరువదవ శతాబ్ది యారంభమున మానవల్లి రామకృష్ణకవిగారు దానిని వెలికిదెచ్చి అచ్చొత్తించువరకు ఆ గ్రంథమును ఎరిగిన పండితులు మిక్కిలి తక్కువ. అప్పటికే ఆముక్తమాల్యద ముద్రితమై వ్యాఖ్యానములతో నడచుచుండెను. వాక్యము రాయల సొత్తుగా స్థిరపడుటకు ఇదియొక కారణము.

క్రీడాభిరామమున ఈ మాట వచ్చు సందర్భము వేరు. అక్కడ ప్రతిపక్షము కన్నడము గాదు, తమిళము గాదు, సంస్కృతము. సంస్కృతము సకలభాషలకు తల్లి, దేశభాషలలో తెలుగు మేలైనది, లోకమున తల్లికంటె ఆడబిడ్డ సౌభాగ్యమును మెచ్చుకొనుటయే మేలు గదా యని కవి చమత్కరించుచున్నాడు. సంస్కృతగ్రంథమును తెలుగు చేయువానికి వలసిన సమర్థన మిది. తెలుగు సంస్కృతజన్యమను ఆ నమ్మకము నేడు నిలువదు. 1816 లో కేంబెలు తెలుగు వ్యాకరణమునకు ఎల్లిసు వ్రాసిన ఉపోద్ఘాతము మొదలు అది సడలినది. 1856 లో కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మకవ్యాకరణము ప్రకటించిన తరువాత శాస్త్రజ్ఞులలో నమ్మువారు లేరు. ఐనను ఆ కాలపు కవి సంస్కృతమునెడ గౌరవము చూపుచునే తెలుగును దాని ప్రక్క కూర్చుండబెట్టిన నేర్పు మెచ్చదగినదే.

సరే, రాయలు వల్లభరాయని పాదమును దొంగిలించెనా? మాకట్లు తోచదు. ఆ పాదమునే పరీక్షింతము. రెండు గ్రంథములలోను పద్యము ఆటవెలది. ఆటవెలది సరిపాదమునకు ఐదు సూర్యగణములుండవలెను, నాలుగవ గణము మొదట యతి కుదురవలెను. ఈ వాక్యమున ఐదు గణములును ఉన్నవి, దకారముతో దకారమునకు యతియు నున్నది. ఆటవెలదికి ప్రాసనియమము లేదు గనుక ఏ ఆటవెలదిలోనైనను రెండవ పాదముగానో నాలుగవ పాదముగానో దీనిని యథాతథముగా దింపవచ్చును. వల్లభరాయడు రెండవ పాదమున దింపెను, రాయలు నాలుగవ పాదమున దింపెను. ఇట్టి తయారు పాదము జనుల నోట సామెతవలె నాడుచుండినదనియు, కవు లిరువురును దానిని ఎత్తుకొనిరనియు మా యూహ. రాయలు క్రీడాభిరామమును చదివియుండవచ్చును గూడ. మాకు మొదటి పక్షమే యిష్టము. అట్లైన ఈ మాట రాజుది గాదు, దేవుడిది గాదు, పేరు తెలియని తెలుగువానిది. విజయనగరసింహాసనమునకు ఎక్కకమునుపే ఓరుగల్లు వీథుల నాటకమున అది తిరిగినది.

'లెస్స' యను మాట అర్థము మా విద్యార్థులలో పలువురకు తెలియదు. మేలు, చక్కన యని దాని యర్థము. ఆంగ్లపాఠశాలలో చదువు బాలుడొకడు దానిని ఆంగ్లపదముగా దలచి, తెలుగు తక్కువదని రాయలు చెప్పినట్లు వ్రాసెను. ఆ కాగితమును దిద్దవలసిన పని మాకే పడినది.

రెండవ వాక్యము ఇటలీవాడైన నికోలో దె కాంటి పేర నడచుచున్నది. ఇతడు వెనిసు రాజ్యమున జన్మించిన వర్తకుడు. డమాస్కసులో అరబ్బీ నేర్చి, పారసీకము గూడ నేర్చి, ఇరువదియైదేండ్లు తూర్పుదేశములు తిరిగెను. పదునైదవ శతాబ్ది ప్రథమపాదాంతమున విజయనగరమును చూచెను. త్రోవలో ప్రాణభయముచే ఇస్లామును స్వీకరించి, స్వదేశమునకు చేరినపిదప పోపు నాలుగవ యుజీనియసుకడకు పోయి క్షమాపణ వేడెను. అందుకు ప్రాయశ్చిత్తముగా తన యాత్రావృత్తాంతమును దాపరికము లేక చెప్పవలెనని పోపు విధించెనట. ఆ వృత్తాంతమును పోపు కార్యదర్శి పోడ్జో బ్రాచ్చొలీని లాటినున వ్రాసి, తన భాగ్యవిపర్యయగ్రంథమున నాలుగవ భాగముగా జేర్చెను. కాంటి స్వయముగా వ్రాసినది లేదు. మనకున్నది పోడ్జో వ్రాసినదే. దానికి ఆంగ్లానువాదము 1857 లో లండనులోని హక్లూయిట్ సంఘమువారి సంపుటమున వెలువడినది.

అందేమున్నది? విజయనగరము చుట్టుకొలత అరువది మైళ్లనియు, ఆయుధము పట్టగలవారు తొంబదివేల మంది యనియు, రాజునకు పండ్రెండువేల భార్యలనియు నున్నది. సహగమనము వర్ణింపబడినది. ఉత్సవములున్నవి, దేవాలయములలో దీపములు పెట్టుట యున్నది, రత్నములు, మిరియములు, పాములు ఉన్నవి. తెలుగు ఇటాలియనును బోలియున్నదను మాట మాత్రము లేదు. భాషలను గూర్చి యున్నదెల్ల అతి స్వల్పము. హిందువులలో పెక్కుభాషలు గలవట. వారు మనవలె ఎడమనుండి కుడికి గాక, కాగితముపై మీదినుండి క్రిందికి వ్రాయుదురట! ఈ రెండవ సంగతి ఎచ్చట చూచెనో, పోడ్జో ఎట్లు వినెనో. తెలుగు తాటాకు నొక్కదానిని చేత బట్టినవాడైనచో ఆ మాట అనడు. అట్టివాని నోట తెలుగు అజంతసౌందర్యమును గూర్చి నిర్ణయము చెప్పించుట మన ఔదార్యమే.

ఆలోచింపగా ఈ పోలిక కాంటి కాలమునకు పొసగదు. ఇటాలియను భాష యనగా మాధుర్యము, సంగీతము అను భావము ఐరోపాజనులలో నెలకొనినది ఇటలీ గేయనాటకములు లండనులోను, పారిసులోను, వియన్నాలోను ఆడబడిన పదునెనిమిదవ శతాబ్దియందు. తన భాషను తాను మధురమని కొలబద్దగా చేయుట ఇటలీవానికంటె, దానిని దూరమునుండి విని మురిసిన ఆంగ్లేయునికే సహజము. నిదర్శన మేమన, విలియం మార్స్‌డెన్ అను ఆంగ్లేయుడు 1783 లో ప్రకటించిన సుమత్రా చరిత్రమునందు ఈ బిరుదమే, తూర్పుదేశముల ఇటాలియను అనునదే, కానవచ్చుచున్నది. కాని అది తెలుగునకు గాదు, మలయభాషకు! దాని మృదుత్వమునుబట్టి ఆ పేరు కలిగినదని ఆయన వ్రాసెను. అనగా అప్పటికే వాడుకలో నున్న మాట. నూరేండ్లు గడచిన పిమ్మట, 1890 లో హెన్రీ మారిస్ లండనులో ప్రకటించిన సులభ తెలుగు వ్యాకరణమున ఆ బిరుదము తెలుగునకు తగినదిగా చెప్పబడినది. అక్కడను ఇతరులు పిలిచిన పేరుగానే చెప్పబడినది. ఎవరు మొదట పిలిచిరో మారిస్ చెప్పలేదు. మలయదేశమునకు పోయిన ఆంగ్లేయుడు మలయమునకును, మద్రాసు రాజధానికి వచ్చిన ఆంగ్లేయుడు తెలుగునకును అదే శాలువ కప్పినారు.

ఇట్లనుటవలన తెలుగునకు వచ్చిన లోపమేమి? తెలుగుమాట అచ్చుతో ముగియును, పాటకు ఒదుగును అనునది ఇటలీ వర్తకుడు చెప్పినను చెప్పకున్నను నిజము. 1767 మొదలు 1847 వరకు జీవించిన త్యాగరాజస్వామి తమిళదేశమున తిరువయ్యారులో కూర్చుండి తెలుగున కీర్తనలు రచించెను; ఆ కీర్తనలను తమిళులు, కన్నడిగులు, మలయాళులు నేటికిని తెలుగుననే పాడుచున్నారు. కాల్డ్వెల్ తమిళదేశమున నివసించి తమిళమునందు మిక్కిలి అభిమానము గలవాడయ్యు, శ్రుతిమాధుర్యమున ద్రావిడభాషలలో తెలుగునకే అగ్రస్థానమిచ్చెను. ఈ సాక్షికి పేరున్నది, గ్రంథమున్నది, సంవత్సరమున్నది. సొంతభాష కాని భాషను మెచ్చినవాడు గనుక పక్షపాతమను శంకయు లేదు. సభలలో ఇతని మాట వినబడదు. అరువదిమైళ్ల నగరమును చూచిన యాత్రికుని కథకున్న సొగసు వ్యాకరణకర్తకు లేదు కాబోలు.

మూడవ వాక్యమునకు పోవుటకు ముందు ఐరోపానుండి ఒక యుదాహరణము చెప్పవలసియున్నది. ఏలయన, తప్పు పేరు పడుటకు ప్రతిచోటను మోసమే కారణమని తలపరాదు. నీ యభిప్రాయము నాకు సమ్మతము గాదు, ఐనను దానిని చెప్పుటకు నీకు గల హక్కును ప్రాణములొడ్డి కాపాడుదునను అర్థము గల మాట వోల్టేరు పేర లోకమంతట వ్యాపించినది. వోల్టేరు 1778 లో మరణించెను. ఆ మాట మొదట కనబడునది 1906 లో, ఎవెలిన్ బియాట్రిస్ హాల్ అను ఆంగ్లవనిత ఎస్. జి. టాలెంటైర్ అను మారుపేరుతో ప్రకటించిన వోల్టేరు మిత్రులను గూర్చిన గ్రంథమునందు. హెల్వీషియసు గ్రంథమును ప్రభుత్వము దహనము చేయించినపుడు వోల్టేరు మనోవృత్తి యెట్టిదో ఆమె తన మాటలలో సంగ్రహించి, ఉద్ధరణచిహ్నములలో బెట్టెను. చదువరులు ఆ చిహ్నములను జూచి అది వోల్టేరు వాక్కే యనుకొనిరి. అది తన వాక్యమేనని ఆమె తరువాత చెప్పినను వినినవారు తక్కువ. ఆమెయందు కపటము లేదు. మన 'అని' వంటి మాట ఆంగ్లమున లేకపోవుటయు, రెండు కొమ్ముల గుర్తులు ఆ పని చేయుటయు ఈ యనర్థమునకు మూలము.

మెకాలే వాక్యము ఈ జాతిది గాదు. అది కల్పితము. అందున్న దేమన, వక్త హిందూదేశము నలుమూలల తిరిగెనట. ఒక్క బిచ్చగానినిగాని దొంగనుగాని చూడలేదట. ఇట్టి సంపదయు నీతియు గల ప్రజలను వారి ఆధ్యాత్మిక సాంస్కృతిక వారసత్వమను వెన్నెముకను విరిచిననే గాని జయింపలేమట. కావున వారి ప్రాచీనవిద్యాపద్ధతిని మార్పవలెనట. తేదీ 1835 ఫిబ్రవరి 2. స్థలము బ్రిటిషు పార్లమెంటు.

తేదీ నిజమైనదే. ఆనాడు మెకాలే ఒక ప్రసిద్ధపత్రమును వ్రాసెను. కాని వ్రాసినది కలకత్తాలో. గవర్నరు జనరలు సభలో శాసననిర్మాణసభ్యుడుగా 1834 జూనులో ఆయన మద్రాసున ఓడ దిగెను. మైసూరుమీదుగా ఉదకమండలమునకు పోయి బెంటింకును కలిసికొని, తరువాత కలకత్తా చేరెను. 1838 వరకు మరల ఇంగ్లండు చేరలేదు. హిందూదేశమునకు బయలుదేరునపుడే పార్లమెంటు సభ్యత్వమును వదలుకొనెను. కావున ఆనాడు పార్లమెంటున మాటలాడుట ఆయనకు శక్యము గాదు. ఎనిమిది నెలలైనను నిండకుండ దేశము నలుమూలల తిరుగుటయు శక్యము గాదు. ఇక జయింపలేమనుట మరియు వింత. మహారాష్ట్రుల బలము 1818 లోనే యణగినది. కంపెనీవారు అప్పటికి దేశమున అధికభాగమును ఏలుచునేయున్నారు. జయించి కూర్చున్నవాడు జయించు ఉపాయమును వెదకునా?

నిజమైన పత్రములోని విషయము వేరు. 1813 వ సంవత్సరపు చార్టరు చట్టమున విద్యకై ఏటేట లక్షరూపాయలు ప్రత్యేకింపబడినవి. దానిని సంస్కృతారబ్బీ విద్యలకు వినియోగింపవలెనా, ఆంగ్లవిద్యకా యనునది వివాదము. ప్రిన్సెప్ మొదలగువారు ప్రాచ్యవిద్యల పక్షము, మెకాలే ఆంగ్లపక్షము. ఆయన వాదములు వర్తకుని లెక్కలవంటివి. విద్యాసంఘమువారు అచ్చొత్తించిన సంస్కృతారబ్బీ గ్రంథములు ఇరువదిమూడువేల సంపుటములు కొనువారు లేక గదులలో మూలుగుచున్నవట. మూడేండ్లలో అరువదివేల రూపాయలు అచ్చుకు వ్యయము కాగా అమ్మకమువలన వేయి రూపాయలైనను రాలేదట. సంస్కృతకళాశాలలో పదిపండ్రెండేండ్లు చదివినవారే జీవనము గడవదని అర్జీ పెట్టుకొనిరట. ఈ వాదములకు సమాధానము లేకపోలేదు గాని, ఇవి వాదములు. వీని నడుమనే ఆ అపఖ్యాతి గాంచిన మాట యున్నది. మంచి ఐరోపా గ్రంథాలయమునందలి ఒక్క అర, హిందూదేశపు అరేబియాదేశపు వాఙ్మయమంతటికి సమానమని ఆయన వ్రాసెను. బెంటింకు ప్రభుత్వము 1835 మార్చి 7 వ తేదీన ఆంగ్లపక్షముననే తీర్మానము చేసెను.

ఈ రెండు పత్రములను ప్రక్కప్రక్కన బెట్టి చూడుడు. కల్పితపత్రమున మెకాలే మన సంస్కృతి యెదుట చేతులు జోడించిన శత్రువు. మన గొప్పదన మెరిగియే కుట్ర పన్నెను. ఇది వినుటకు కష్టముగా నున్నట్లే యుండి లోలోపల తియ్యగా నుండును. బిచ్చగాడు లేని దేశము, దొంగ లేని దేశము, మనది. నిజపత్రమున మెకాలే మనలను ఎరుగనే ఎరుగడు, ఎరుగవలసిన పనియు లేదనుకొనెను. ఇది చేదు. కల్పితమును నమ్మినవాడు నిట్టూర్చి ఊరకుండును. నిజమును చదివినవాడు ఆ అర యెట్టిది, ఆ తూకము ఎవరు తూచిరి, అరువదివేలు వ్యయమైన పుస్తకములేవి, కొనువారు ఏల లేకపోయిరి, తెలుగు మొదలగు దేశభాషలను ఇరుపక్షములవారును ఏల లెక్కలోనికి తీసికొనలేదు అని యడుగవలసివచ్చును. ఈ కడపటి ప్రశ్న మాకు ముఖ్యముగా తోచును. ప్రిన్సెప్ సంస్కృతమునకు పోరాడెను, మెకాలే ఆంగ్లమునకు పోరాడెను. పాఠశాలకు వచ్చు బాలుడు ఇంట మాటలాడు భాష శాస్త్రబోధకు చాలదని ఇరువురును అంగీకరించినట్లు మెకాలే ఆ పత్రముననే వ్రాసెను. సంస్కృతాంగ్లములు రెండును నేర్చి తెలుగున బోధించు మావంటివారికి ఆ వాక్యము అరనుగూర్చిన వాక్యముకంటె ఎక్కువ నొప్పించును. దానిని మాత్రము ఏ సభలోను ఎవరును స్మరింపరు.

నిజపత్రములో మరియొక వాక్యమున్నది. ఆ తూకము తూచుటకు కొంచెము ముందుగా, తనకు సంస్కృతముగాని అరబ్బీగాని రాదని మెకాలే తానే వ్రాసికొనెను. అనువాదములు చదివి, ఆ భాషలు తెలిసినవారితో మాటలాడి, ఆ విలువ కట్టెనట. ఆప్తుడెవ్వడని మన నైయాయికులు అడుగు ప్రశ్నకు వక్తయే స్వహస్తముతో వ్రాసియిచ్చిన జవాబిది. కల్పితపత్రమున ఈ యొప్పుకోలు లేదు.